టిక్స్ ఉన్న పిల్లాడికి ఇంట్లో థెరపీ సాయం ఎలా చేయాలి: బరంపురం నుంచి ఒక అమ్మ

మా వాడికి ఏడేళ్ళప్పుడు కళ్ళు టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఎండ పడలేదనుకున్నాం, టీవీ ఎక్కువైందనుకున్నాం. కళ్ళ డాక్టరు చూసి, కళ్ళు బాగానే ఉన్నాయంటూ చుక్కల మందు రాశారు. మా అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. ఆర్నెల్లకి కళ్ళు నెమ్మదించాయి గానీ మెడ మొదలైంది. ఉన్నట్టుండి కుడిపక్కకి ఒక్క విదిలింపు. ఆ తర్వాత గొంతు సవరించుకోవడం. వీటిని టిక్స్ అంటారనీ, వీటికి మందుకంటే ముందు నేర్పించే పద్ధతి ఒకటుందనీ తెలిసేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. మీకు ఆ రెండేళ్ళు పోకూడదనే ఇది రాస్తున్నాను.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్ళ వాళ్ళని మనసులో పెట్టుకునే రాస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆస్పత్రిలో హిందీ. పిల్లాడి ఒంట్లో ఏమవుతోందో చెప్పుకోవడానికి మనకి మూడు భాషలు కావాలి. నేను డాక్టర్ని కాను. థెరపిస్టు పక్కన కూర్చుని నేర్చుకుని, ఇంట్లో రోజూ చేసిన అమ్మని. థెరపీ మానేసి ఇది చేయమని కాదు. థెరపీ నడుస్తున్నప్పుడు ఇంటివైపు నుంచి జరగాల్సిన పని ఇది.

మొదట డాక్టరు దగ్గర ఖాయం చేసుకోండి

టిక్స్ ఎక్కువగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలవుతాయి. పది, పన్నెండేళ్ళప్పుడు బాగా ఎక్కువగా ఉంటాయి. ఆ తర్వాత చాలామంది పిల్లల్లో తగ్గుతూ వస్తాయి. ఒకటికంటే ఎక్కువ కదలికలూ, కనీసం ఒక శబ్దమూ ఏడాది దాటి ఉండి, అవి పద్దెనిమిదేళ్ళలోపే మొదలైతే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో దీన్ని వివరించిన ఫ్రెంచి డాక్టరు పేరే దీనికి పెట్టారు. టూరెట్ అనగానే బూతులు అరవడం అనుకుంటారు చాలామంది. అది నూటికి పది, పదిహేను మందిలోనే ఉంటుంది.

పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి సైకియాట్రిస్టు దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో వెళ్ళండి. గంజాం, గజపతి జిల్లాలవాళ్ళకి బరంపురం ఎమ్.కె.సి.జి. మెడికల్ కాలేజీ దగ్గర. ఇంకా పెద్దచోటు కావాలంటే భువనేశ్వర్ ఎయిమ్స్ ఉంది. వెళ్ళేముందు పిల్లాడికి చెప్పి, వాడు సరేనంటేనే ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీసుకోండి. డాక్టరు ఎదుట కూర్చోగానే టిక్స్ మాయమైపోవడం మామూలే. మా వాడు ఆ గదిలో అరగంట కూర్చుని ఒక్కసారి కూడా మెడ విదల్చలేదు. వీడియో లేకపోతే మా మాట నమ్మేవారు కాదేమో.

కొన్నిటికి మాత్రం అస్సలు ఆగకండి. కదలిక వచ్చినప్పుడు పిలిస్తే పలక్కపోవడం, స్పృహ తప్పడం. గొంతునొప్పీ జ్వరమూ వచ్చిన కొన్ని వారాలకి చేతులూ కాళ్ళూ మెలికలు తిరుగుతూ ఆడడం, గ్లాసు చేతిలోంచి జారిపోవడం, చేతిరాత పాడైపోవడం. ఇది కీళ్ళవాతపు జ్వరం తాలూకు జబ్బు కావచ్చు, గుండె కూడా చూపించాలి. మెడ గట్టిగా విదిల్చే పిల్లలకి చేతుల్లో తిమ్మిరి, బలం తగ్గడం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇంట్లో "ఆపు" అనే మాట ఆపండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఇది చేయకపోతే మిగతావేవీ నిలబడవు.

మా ఇంట్లో ఒక్క సాయంత్రం లెక్కపెట్టాను. "బావూ, మెడ అలా ఆడించకురా" అని అత్తమ్మ. "మళ్ళీ మొదలెట్టావా" అని వాళ్ళ నాన్న. నేను నోటితో అనకపోయినా కళ్ళతో అంటున్నాను. వాడు నా ముఖం చూసి మరీ మెడ బిగబట్టుకునేవాడు. రాత్రి నిద్రపోయేలోపు పన్నెండుసార్లు వాడికి ఆ సంగతి గుర్తుచేశాం. టిక్ గురించి మాట్లాడితేనే టిక్ పెరుగుతుంది. తుమ్ము గురించి వింటే ముక్కు దురదపెట్టినట్టు.

అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఇది వాడు కావాలని చేసేది కాదు, చెడు సావాసంతో వచ్చిన అలవాటూ కాదు. మెదడులో కదలికల్ని అదుపుచేసే దారుల్లో ఉన్న తేడా వల్ల వస్తుంది. వంశంలో ఉండడమూ ఉంది. మా ఆయన చిన్నప్పుడు ముక్కు ఎగబీల్చేవారని ఆ రోజే అత్తమ్మ నోటివెంట వచ్చింది. కాసేపు ఆపుకోగలడు కదా అని అడుగుతారు. ఆపుకోగలడు, కానీ చాలా కష్టపడి. బళ్ళో నాలుగు గంటలు బిగబట్టి ఇంటికొచ్చి వదులుతాడు. ఇంటిదగ్గర ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. ఇక్కడ మనమున్నామన్న ధైర్యం కూడా కారణమే.

దిష్టి గురించి పెద్దవాళ్ళతో గొడవపడకండి. నేను పడి, రెండు నెలలు ఇల్లు పాడుచేసుకున్నాను. అత్తమ్మని ఒక్కటే అడిగాను: తీస్తే తీయండి గానీ, వాడిముందు ఆ మాట ఎత్తకండి అని. ఇప్పుడు వాడు నిద్రపోయాక తీస్తారు. గుండ్లు కొట్టించడం, వాతలు పెట్టించడం లాంటివాటికి మాత్రం ఒప్పుకోకండి.

టిక్ వచ్చినప్పుడు మరి ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. మాట్లాడుతున్న మాట మాట్లాడుతూనే ఉండండి, వడ్డిస్తున్న అన్నం వడ్డిస్తూనే ఉండండి. పది రోజులు ఇంటిల్లిపాదీ ఇది చేస్తే మీకే తేడా తెలుస్తుంది. కదలికలు తగ్గకపోవచ్చు, పిల్లాడి ముఖం తేటపడుతుంది.

పద్ధతి ఏమిటో తెలుసుకోండి

ఈ థెరపీని డాక్టర్లు సీబిట్ (CBIT) అంటారు. అంటే టిక్స్‌ని గమనించుకుని, వాటికి బదులు ఇంకో పని చేయడం నేర్పే పద్ధతి. దీనికి పునాది హ్యాబిట్ రివర్సల్, అంటే అలవాటుని వెనక్కి మళ్ళించడం అనే పద్ధతి. 1973లో అజ్రిన్, నన్ అనే సైకాలజిస్టులు చెప్పారు. 2010లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 126 మందిపై పరీక్షించి చూశారు. పది వారాల్లో ఎనిమిది సార్లు థెరపీ. అది నేర్చుకున్న గుంపులో 52.5 శాతం మందికి బాగా మెరుగైంది. టిక్స్ గురించి వివరించి ధైర్యం చెప్పిన గుంపులో 18.5 శాతం మందికే మెరుగైంది. 2019లో అమెరికా న్యూరాలజీ డాక్టర్ల సంఘం కూడా మందులకంటే ముందు దీన్నే ప్రయత్నించమంది. అందరికీ పనిచేస్తుందని గానీ, టిక్స్ మొత్తం పోతాయని గానీ ఎవరూ మాటివ్వరు. ఎవరైనా ఇస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

నోటుపుస్తకం పెట్టండి, ఒక్క టిక్ ఎంచుకోనివ్వండి

వంద పేజీల నోటుబుక్ చాలు. మొదటి పేజీలో వాడికి ఉన్న టిక్స్ అన్నీ వాడే చెప్పి రాయించాలి. ఒక్కోదాని పక్కన, అది వాడిని ఎంత ఇబ్బంది పెడుతోందో సున్నా నుంచి పది దాకా అంకె. మన ఇబ్బంది కాదు, వాడిది. నాకు మెడ చూస్తే భయం, అదే ముందు అనుకున్నాను. వాడు గొంతుకి తొమ్మిది, మెడకి ఐదు వేశాడు. ఎందుకురా అంటే, "క్లాసులో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అందరూ తిరిగి చూస్తారమ్మా" అన్నాడు. అప్పుడు గొంతే మొదలుపెట్టాం. ఒక దఫాకి ఒక్కటే.

తర్వాత రోజూ ఒకే వేళకి పావుగంట లెక్క. టిక్ వచ్చినప్పుడల్లా ఒక గీత. దూరంగా కూర్చుని, వాడికి ముందే చెప్పి. రోజంతా లెక్కపెట్టకండి, కాపలా కాసినట్టవుతుంది.

టిక్‌కి ముందేం జరిగింది, వెనకేం జరిగింది

లెక్క పక్కనే రెండు మాటలు రాయండి. అప్పుడు ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు? టిక్ వచ్చాక చుట్టూ ఉన్నవాళ్ళు ఏమన్నారు, ఏం చేశారు?

మాకు చిన్న కిరాణా కొట్టుంది. సాయంత్రం ఆరు దాటాక వాడు వాళ్ళ నాన్న పక్కన స్టూలేసుకుని హోంవర్క్ చేసేవాడు. అక్కడ పావుగంటలో గీతలు ఇరవై దాటేవి. వెనక గదిలో అయితే ఏడో ఎనిమిదో. కొట్లో ఏముందో చూశాను. ఎదురుగా ట్యూబ్‌లైటు, వచ్చీపోయే జనం, "ఏం బాబూ, గొంతు పట్టేసిందా, మిరియాల కషాయం తాగు" అని నలుగురి పలకరింపు. అది ప్రేమే. కానీ పలకరింపు వచ్చిన ప్రతిసారీ మరో నాలుగు టిక్స్.

ఇంకోటి కూడా బయటపడింది. లెక్కలు చేస్తుంటే టిక్స్ పెరిగేవి. అది చూసి అత్తమ్మ, "పోనీలేమ్మా, ఈపూటకి వదిలేయ్" అనేవారు. పుస్తకం మూసేవాడు. పిల్లాడు నటించడం లేదు. కానీ టిక్ వస్తే లెక్కలు ఆగుతాయన్న సంగతి ఒళ్ళు నేర్చుకుంటుంది.

మేం మార్చినవి రెండే. హోంవర్క్ వెనక గదిలోకి పోయింది. ఇరవై నిమిషాలకోసారి ఐదు నిమిషాల విరామం, టిక్స్ ఉన్నా లేకపోయినా. విరామం గడియారం ఇస్తుంది, టిక్ ఇవ్వదు. కొట్టుకొచ్చేవాళ్ళకి మా ఆయన ఒకే మాట చెప్పేవారు: "వాడికి అలవాటేనండి, పట్టించుకోకండి." రెండు వారాల్లో అడగడం మానేశారు.

సంతోషం కూడా టిక్స్ పెంచుతుంది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర వస్తుంది. డప్పులు, వేషాలు, అర్ధరాత్రి దాకా జనం. ఆ రోజుల్లో వాడి మెడ ఆగదు. జాతరకి తీసుకెళ్ళడం మానకండి. ఆ వారం గీతలు పెరుగుతాయని ముందే అనుకుని, లెక్క పక్కన పెట్టండి.

లాగుడుని పట్టుకోవడం నేర్పండి

టిక్ రాబోయేముందు చాలామంది పిల్లలకి ఒంట్లో ఏదో తెలుస్తుంది. దురద, బిగుతు, ఒత్తిడి. టిక్ చేశాక అది తీరుతుంది. మా వాడు కళ్ళ గురించి, "రెప్పల వెనకాల ఇసుక పోసినట్టు ఉంటాదమ్మా" అన్నాడు. గొంతు గురించి, "చేపముల్లు ఉన్నట్టు." మేం దాన్ని లాగుడు అని పిలుచుకున్నాం. మీ పిల్లాడు ఏ మాట వాడితే అదే వాడండి. థెరపిస్టు ఒడియాలోనో హిందీలోనో అడుగుతుంటే పక్కన మీరు ఆ మాట అందించాలి. ఇక్కడ మాట సరిగ్గా అందకపోతే పని జరగదు.

మొదట టిక్ వచ్చాక వేలెత్తమనండి. తర్వాత రాబోతుండగా వేలెత్తడం. అలా పట్టుకున్నప్పుడల్లా "పట్టేశావు" అనండి చాలు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి ఈ లాగుడు అంతగా తెలియకపోవచ్చు. అలాంటప్పుడు బలవంతం చేయకండి. ఇందాక చెప్పిన కొట్టు, హోంవర్క్ లాంటి మార్పులు వాళ్ళకీ పనికొస్తాయి.

ఎదురుపని

థెరపీకి గుండెకాయ ఇదే. లాగుడు తెలియగానే, ఆ టిక్ రావడానికి వీల్లేని ఇంకో పని చేయాలి. పక్కవాళ్ళకి తెలియకూడదు, చేస్తూ చదువుకోగలగాలి, రాసుకోగలగాలి. ఒక్క నిమిషం పట్టాలి, అప్పటికీ లాగుడు పోకపోతే పోయేదాకా. ఏ టిక్‌కి ఏది సరిపోతుందో థెరపిస్టూ పిల్లాడూ కలిసి తేల్చాలి. మామూలుగా వాడేవి ఇలా ఉంటాయి.

గొంతుకి: ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, నోటితో ఇంకా నెమ్మదిగా వదలడం. పొట్ట లేవాలి, భుజాలు లేవకూడదు. మా వాడిని వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద చిన్న పుస్తకం పెట్టి నేర్పాం. పుస్తకం పడవలా పైకీ కిందకీ ఆడాలి. మొదటివారం వాడు రొమ్ముతో పీల్చి, కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. అది తప్పు పద్ధతి, తొందరగా పీలుస్తున్నాడని థెరపిస్టు చెప్పారు. వేగం తగ్గిస్తే సరిపోయింది.

మెడకి: గడ్డం కొద్దిగా కిందికీ లోపలికీ తీసుకుని, కళ్ళు ఎదురుగా ఉంచి, మెడ కండరాలు మెల్లగా బిగించడం. గట్టిగా బిగిస్తే నొప్పి వస్తుంది.

కళ్ళకి: మూడు నుంచి ఐదు సెకన్లకోసారి కావాలని, మెత్తగా రెప్ప వాల్చి తీయడం. మధ్యమధ్య చూపు ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చడం.

భుజానికి: భుజాలు కిందికి దించి, మోచేతులు నడుముకి ఆనించి ఉంచడం.

టిక్ అప్పటికే వచ్చేస్తే? అప్పుడూ చేయాలి. ఆలస్యమైందని వదిలేయకూడదు. ఒకటి అణిస్తే ఇంకోటి పుడుతుందనీ, ఆపుకుంటే తర్వాత రెట్టింపు వస్తాయనీ నన్ను చాలామంది భయపెట్టారు. పరిశోధనల్లో అలా తేలలేదు. టిక్స్ వాటంతటవే మారుతుంటాయి, పెరిగి తగ్గుతుంటాయి. అది వాటి తీరు.

మెచ్చుకోలు సాధనకి, టిక్స్ తగ్గినందుకు కాదు

రోజుకి రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు సాధన. పక్కన ఒక్కరే ఉండాలి, అందరూ సలహాలివ్వకూడదు. ఎదురుపని చేయడం చూస్తే "బాగా చేశావు నాన్నా" అనండి. మరిచిపోతే "నీ ఊపిరి గుర్తుందా" అని ఒక్కసారి నెమ్మదిగా. రెండోసారి అనకండి.

సాధన చేసిన ప్రతిపూటకీ నోటుబుక్‌లో ఒక చుక్క. పది చుక్కలైతే ఆదివారం గోపాలపూర్ సముద్రం. ఇక్కడ మేం ఒక పొరపాటు చేశాం. మొదట్లో "ఇవాళ టిక్స్ రాకపోతే" అని పందెం కట్టాం. రెండో రోజు రాత్రి వాడు దుప్పటి ముసుగులో మెడ విదిల్చుకుంటూ దొరికాడు. దాచుకుంటున్నాడు. ఆ పందెం అప్పుడే తీసేశాం. వాడి చేతిలో ఉన్నది సాధన ఒక్కటే, బహుమతి కూడా దానికే ఇవ్వాలి.

ఒంట్లో బాగోలేని రోజు, పరీక్షల ముందురోజు చేయలేకపోతే వదిలేయండి. నిద్ర మాత్రం తగ్గనివ్వకండి. అలసిపోతే అన్ని టిక్స్‌ పెరుగుతాయి.

బడికి వెళ్ళి మాట్లాడండి

మా వాడిని ఒక మాస్టారు క్లాసులో నిలబెట్టి, "ఎమితి కాహింకి కొరుచు?" అని అడిగారు. ఎందుకిలా చేస్తున్నావని. వాడి దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. మూడు రోజులు బడికి వెళ్ళనన్నాడు.

మీరే ముందు వెళ్ళండి, డాక్టరు కాగితం తీసుకెళ్ళండి. ఒక చిన్న ఉత్తరం ఒడియాలో రాయించుకోండి. మాకు పక్కింటి ఒడియా ఆవిడ రాసిపెట్టారు. అందులో ఉండాల్సినవి కొన్నే: ఇది జబ్బు, అల్లరి కాదు. అంటుకోదు. అందరిముందూ ప్రస్తావించవద్దు. బాగా ఎక్కువైనప్పుడు అడక్కుండానే మంచినీళ్ళకి వెళ్ళిరానివ్వండి. చివరి బెంచీలో కూర్చోనిస్తే వెనకనుంచి చూసేవాళ్ళుండరు. పరీక్షల్లో వీలైతే కాస్త ఎక్కువ సమయం.

తోటిపిల్లలకి చెప్పాలా వద్దా అనేది మీ పిల్లాడే తేల్చుకోవాలి. మా వాడు ఇద్దరు స్నేహితులకి తనే చెప్పాడు. "నాకు వెక్కిళ్ళు వచ్చినట్టు వస్తాయి, నేనాపలేను" అన్నాడట. వాళ్ళు సరేనని ఆటలో పడిపోయారు.

థెరపిస్టు దొరక్కపోతే

మన జిల్లాల్లో సీబిట్ నేర్చుకున్నవాళ్ళు తక్కువ. వీడియో కాల్‌లో చేసినా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి, విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో తెలుగు మాట్లాడే క్లినికల్ సైకాలజిస్టుని వెతకండి. ఫోన్ చేసినప్పుడు సూటిగా అడగండి: "టిక్స్‌కి హ్యాబిట్ రివర్సల్ చేశారా? ఎంతమంది పిల్లలకి?" నొచ్చుకుంటే ఇంకొకరు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

టిక్స్ ఉన్న పిల్లల్లో చాలామందికి నిలకడ లేకపోవడం, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయాలనిపించడం, దిగులు కూడా ఉంటాయి. ఒక్కోసారి టిక్స్‌కంటే అవే ఎక్కువ బాధిస్తాయి, వాటిని విడిగా చూపించండి. టిక్స్ వల్ల నొప్పి, దెబ్బలు, తిండీ నిద్రా పాడవడం ఉంటే మందు వద్దని పట్టుబట్టకండి. మందూ థెరపీ కలిసి నడవచ్చు. మందు మొదలుపెట్టడమైనా ఆపడమైనా డాక్టరు చెప్పినట్టే.

మా వాడికి ఇప్పుడు పదకొండు. గొంతుకి తొమ్మిది వేసినవాడు పోయిన నెల మూడు వేశాడు. మెడ ఇంకా ఉంది. కిందటివారం కొత్తగా ఎడమ భుజం ఎగరడం మొదలైంది. రాత్రి అన్నం తిన్నాక వాడే నోటుబుక్ తెచ్చి, కొత్త పేజీ తీసి, తేదీ వేసి, "భుజం" అని రాసి పక్కన నాలుగు వేశాడు. సాధన రేపు పొద్దున్నుంచి.